ఒసాకా నురగ, గుంటూరు నీళ్ళు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, పొరపాటు పడకుండా. మీకు 26 ఏళ్ళు, ఉండేది గుంటూరు, ఇంట్లో బోరు నీళ్ళు. రెండు నెలల క్రితం వీడియోలు చూసి "జపనీస్ టెన్ స్టెప్ రొటీన్" మొదలుపెట్టారు. పొద్దున, రాత్రి రెండు పూటలా డబుల్ క్లెన్సింగ్, అంటే ముందు నూనెతో, ఆ తర్వాత ఫేస్‌వాష్‌తో రెండుసార్లు కడగడం. దాని మీద టోనర్, ఎసెన్స్, రెండు సీరమ్‌లు (ఒకటి విటమిన్ సి). వారానికి మూడుసార్లు స్క్రబ్. ఇప్పుడేమో బుగ్గలు మంట, గడ్డం దగ్గర చిన్న చిన్న పొక్కులు, ముఖం కడిగిన ఐదు నిమిషాలకే చర్మం బిగుసుకుపోతోంది. వచ్చే నెల మీ బావగారు టోక్యో నుంచి వస్తున్నారు, "బిహాకు" అని రాసి ఉండే క్రీము తెప్పించుకోవాలా వద్దా? బియ్యం కడిగిన నీళ్ళు నిజంగా పనిచేస్తాయా? అమ్మగారికి బుగ్గల మీద మంగు వచ్చింది, దానికి జపాన్‌లో ఏమైనా ఉందా? ఇవీ మీరు అడిగినవి.

నేను డాక్టర్ని కాదు. కెమిస్ట్రీ చదివి, ఒసాకాలో ఒక కాస్మెటిక్స్ కంపెనీ ల్యాబ్‌లో తొమ్మిదేళ్ళు ఫేస్‌వాష్‌లు, లోషన్‌లు తయారుచేసే పనిలో ఉన్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో అదే పని చేస్తున్నాను. సీసాలో ఏముంటుందో, అది చర్మాన్ని ఏం చేస్తుందో చెప్పగలను. జబ్బు సంగతి వచ్చినచోట డాక్టర్ దగ్గరికి వెళ్ళమనే చెబుతాను.

ముందు చేయాల్సిన పని: ఇవాళ రాత్రి నుంచి అన్నీ ఆపేయండి. స్క్రబ్ అయితే డస్ట్‌బిన్‌లో పడేయండి, పాపం లేదు. ఒక నెల పాటు రాత్రి ఒక్కసారి మెత్తటి ఫేస్‌వాష్, పొద్దున ఉత్త నీళ్ళు, రెండు పూటలా వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. అంతే. నెల అని ఎందుకంటున్నానంటే, చర్మం కింది పొరలో పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి ఈ వయసులో దాదాపు అంత కాలం పడుతుంది. వారంలో తేడా కనిపించలేదని టెన్షన్ పడి ఇంకో సీసా కొనకండి. నెల తర్వాత కూడా మంట, పొక్కులు అలాగే ఉంటే స్కిన్ డాక్టర్‌కి చూపించండి.

ఇంకో మాట. పది మెట్ల రొటీన్, గ్లాస్ స్కిన్ అన్నవి కొరియా నుంచి వచ్చాయి, జపాన్‌వి కావు. జపాన్‌లో మంచి చర్మాన్ని పొగడాలంటే "మొచి హదా" అంటారు. మొచి అంటే బంక బియ్యాన్ని ఉడికించి దంచి చేసే ముద్ద. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తుంది. అంటే వాళ్ళ పోలిక అద్దంతో కాదు, తినే వస్తువుతో. మెరవడం కంటే ముట్టుకుంటే మెత్తగా, నిండుగా ఉండడం వాళ్ళకి ముఖ్యం. మా ల్యాబ్‌లో నాతో పనిచేసిన ఆడవాళ్ళలో చాలామంది రాత్రి వాడేది నాలుగు వస్తువులకు మించి ఉండేది కాదు. కాకపోతే ఆ నాలుగూ ఎలా వాడాలో వాళ్ళకి బాగా తెలుసు.

అక్కడ నాకు మొదటి రోజుల్లోనే నేర్పిన మాట ఒకటుంది: "కొసురనై". రుద్దకు అని. ముఖం చర్మంలో అన్నిటికన్నా పై పొర మందం సుమారు 0.02 మిల్లీమీటర్లు. గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది చూశారా, దాదాపు అంత. పెంకుటింటి పైకప్పులా అందులో చచ్చిన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. సందుల్లో కొవ్వు ఉంటుంది, ఆ కొవ్వులో సగం దాకా సెరమైడ్లు అనే రకమే. పెంకులు కదిలితే ఇల్లు కురుస్తుంది. ఇక్కడ తలకిందులు, లోపలి తేమ బయటికి పోతుంది, బయటి చికాకులన్నీ లోపలికి దిగుతాయి. మీకిప్పుడు జరుగుతున్నది అదే. రోజుకు నాలుగు కడుగుళ్ళతో సందుల్లో కొవ్వు కడిగేశారు, స్క్రబ్‌తో పెంకులే కదిపేశారు, ఆ పైన సీరమ్ పోస్తే మండక ఏం చేస్తుంది?

రుద్దుడు వల్ల చర్మం నల్లబడుతుందని కూడా జపాన్‌లోనే గట్టిగా గమనించారు. 1980లలో అక్కడ ఒళ్ళు తోముకునే నైలాన్ తువ్వాళ్ళ వాడకం ఎక్కువై, మెడ కింద, భుజాల మీద, వెన్ను మీద అలలు అలలుగా నల్లటి మచ్చలతో జనం డాక్టర్ల దగ్గరికి వచ్చారు. దానికి నైలాన్ టవల్ మెలనోసిస్ అనే పేరే పెట్టారు. మురికి పోలేదనుకుని ఇంకా గట్టిగా తోమేవాళ్ళు, ఇంకా నల్లబడేది. మన దగ్గర ప్లాస్టిక్ పీచుతో మెడ తోముకునేవాళ్ళకి ఇది చెప్పాలి. ఇంకో సంగతి కూడా. మెడ చుట్టూ, చంకల్లో మందంగా, వెల్వెట్ గుడ్డలా నల్లబడితే అది మురికీ కాదు, రుద్దుడు మచ్చా కాకపోవచ్చు. చాలాసార్లు అది ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే గుర్తు. దానికి పీచు కాదు, షుగర్ పరీక్ష కావాలి.

ఇక నురగ సంగతి. ఇది కాస్త పొడుగ్గా చెబుతాను, ఎందుకంటే మీ బాధలో సగం ఇక్కడే ఉంది.

ల్యాబ్‌లో నాకు పని నేర్పినావిడ, అరవై దాటిన మనిషి, మొదటి వారంలో నన్ను సింక్ దగ్గర నిలబెట్టింది. బఠాణీ గింజంత ఫేస్‌వాష్ తీసుకుని, తడిపిన జల్లి గుడ్డలాంటి వల మీద వేసి, కొంచెం కొంచెం నీళ్ళు చిలకరిస్తూ పది పదిహేను సార్లు నలిపింది. కోడిగుడ్డంత నురగ వచ్చింది, పెళ్ళి కేకు మీద క్రీములా. నా అరచేతిలో పెట్టి చెయ్యి బోర్లించమంది. పడలేదు. తిరగేసి దాని మీద ఒక యెన్ నాణెం పెట్టింది. అల్యూమినియం నాణెం అది, బరువు సరిగ్గా ఒక గ్రాము. మునగలేదు. "ఈ నురగే ముఖాన్ని కడగాలి, నీ వేళ్ళు కాదు. వేళ్ళకీ చర్మానికీ మధ్య ఎప్పుడూ ఇది ఉండాలి," అంది. ముందు నుదురు, ముక్కు, గడ్డం, అంటే జిడ్డు ఎక్కువుండే చోట్లు. తర్వాత బుగ్గలు. కళ్ళ చుట్టూ ఆఖర్న, ఊరికే తాకించినట్టు. మొత్తం అర నిమిషం. ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్ళు దోసిట్లో పట్టి ఇరవై సార్లు. జుట్టు మొదళ్ళ దగ్గర, దవడ కింద నురగ మిగిలిందేమో అద్దంలో చూసుకోవాలి. చాలామందికి పొక్కులు వచ్చేది అక్కడే. తువ్వాలుతో తుడవకూడదు, అద్దాలి.

ఆ ఏడాది సెలవుల్లో అదే ఫేస్‌వాష్, అదే వల పట్టుకుని నరసరావుపేటలో మా అమ్మ దగ్గరికి వచ్చాను. గొప్పగా చూపిద్దామని బాత్రూంలోకి పిలిచాను. ఎంత నలిపినా నురగ లేదు. విరిగిన పాలలా తెల్లటి ముక్కలు వచ్చాయి, వేళ్ళకి జిగురుగా అంటుకున్నాయి. అమ్మ నవ్వి, "ఆ నీళ్ళలో పప్పే ఉడకదే, నీ జపాన్ సబ్బు ఏం నురగొస్తుంది?" అంది.

నా కెమిస్ట్రీ చదువును ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. జపాన్ కుళాయి నీళ్ళు చాలా మెత్తనివి. లీటరుకు 50, 60 మిల్లీగ్రాముల కాఠిన్యం (నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లెక్క) దరిదాపుల్లో ఉంటాయి. మన దేశంలో తాగే నీటి ప్రమాణం 200 దాకా మంచిదంటుంది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోమంటుంది. మన బోర్లలో చాలావాటిని కొలిస్తే ఈ రెండో అంకెకు దగ్గరగా, కొన్నిచోట్ల దాన్ని దాటి కూడా చూపిస్తాయి. జపాన్ ఫేస్‌వాష్‌లలో చాలావాటికి ఆధారం సబ్బు. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని కరగని పదార్థంగా మార్చేస్తాయి. బకెట్ అంచున పేరుకునే తెల్లటి పొర అదే. అదే పొర మీ బుగ్గల మీద కూడా కూర్చుంటుంది. పైగా సబ్బు క్షారం, పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది. చర్మం సహజంగా 5 దరిదాపుల్లో ఉంటుంది. మెత్తటి నీళ్ళ దేశంలో నిమిషంలో కడిగేసుకుని పోయే సబ్బు, మన దగ్గర గంటలకొద్దీ ముఖం మీదే ఉండిపోతుందన్నమాట. ముఖం బిగుసుకుపోవడానికి కారణం ఇదేనని నా గట్టి అనుమానం.

కాబట్టి సబ్బు లేని ఫేస్‌వాష్ తీసుకోండి. అట్ట మీద సోప్ ఫ్రీ అని ఉంటుంది. వెనక పదార్థాల జాబితాలో పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పాటు మిరిస్టిక్ ఆసిడ్, స్టియరిక్ ఆసిడ్, లారిక్ ఆసిడ్ మొదట్లోనే కనిపిస్తే అది సబ్బు, పక్కన పెట్టండి. ఖరీదైనది అక్కర్లేదు, మెడికల్ షాపులో దొరికే మామూలు రకం చాలు. ఆఖరి కడుగు మాత్రం ఒక చెంబు ఫిల్టర్ నీళ్ళతో చేసుకోండి. ఇంట్లో ఎవరైనా నవ్వితే నవ్వనీయండి.

డబుల్ క్లెన్సింగ్ అంటారా, అది నిజంగా జపాన్‌దే. మేకప్ ఆర్టిస్టు షు ఉఎమురా 1967లో క్లెన్సింగ్ ఆయిల్ తీసుకొచ్చాడు, తర్వాత అది ప్రపంచమంతా పాకింది. నూనెతో నూనెను దించడం, ఆ తర్వాత నురగతో మిగిలింది కడగడం. మనకిది కొత్తేం కాదు కదా. భోగినాడు నువ్వుల నూనె పట్టించి సున్నిపిండితో దించడం కూడా ఇదే లెక్క. పిండి నూనెను పీల్చేసుకుంటుంది, నీళ్ళు రెంటినీ తీసుకుపోతాయి. జపాన్ క్లెన్సింగ్ ఆయిల్‌లో పిండికి బదులు నూనెనూ నీటినీ కలిపే ఎమల్సిఫయర్ ఉంటుంది. పొడి ముఖానికి, పొడి చేతులతో రాసి, ఆ తర్వాత చేతులు కాస్త తడిపి మళ్ళీ ముఖం మీద తిప్పితే తెల్లగా పాలలా మారుతుంది. ఆ పాలు అయ్యాకే కడగాలి. ఈ మెట్టు వీడియోల్లో రెండు సెకన్లలో అయిపోతుంది కాబట్టి చాలామంది వదిలేస్తారు. అప్పుడు నూనె రంధ్రాల్లోనే ఉండిపోతుంది, గడ్డం దగ్గర పొక్కులు. కొబ్బరినూనెతో చేస్తే ఇంకా కష్టం, దాంట్లో ఎమల్సిఫయర్ లేదు, రంధ్రాలు మూసేసే గుణం మాత్రం ఉంది.

ఇంతా చెప్పి, మీరు మేకప్ వేసుకోని రోజున డబుల్ క్లెన్సింగ్ అవసరం లేదు. పొద్దునపూట అసలే వద్దు. జపాన్‌లోనే "రెండో కడుగు అక్కర్లేదు" అని సీసా మీద పెద్దక్షరాలతో రాసి అమ్మే క్లెన్సర్లు బోలెడు.

తర్వాతది కెషోసుయి. దీన్ని ఇంగ్లీషులో లోషన్ అంటారు, మన వాళ్ళు టోనర్ అనుకుంటారు, రెండూ సరిపోవు. నీళ్ళలాంటిదే, కానీ గ్లిజరిన్, హైలురోనిక్ ఆసిడ్ వంటివి ఉండి తేమ పట్టి ఉంచుతుంది. 1872లో టోక్యోలోని గింజాలో మందుల షాపుగా మొదలైన షిసేడో కంపెనీ 1897లో యూడర్మిన్ అనే ఎర్రటి లోషన్ తెచ్చింది, ఆ పేరుతో ఇప్పటికీ అమ్ముతోంది. దానికీ ముందు, ఎదో కాలంలో (టోక్యోని ఎదో అని పిలిచిన రోజుల్లో), జనం హెచిమా నీళ్ళు వాడేవాళ్ళు. హెచిమా అంటే ఏమిటో తెలిస్తే మీకు నవ్వొస్తుంది: మన నేతి బీరకాయ. శరత్కాలంలో తీగను నేలకు కాస్త పైన కోసి, ఆ కొసను సీసాలో పెట్టి వదిలేస్తే రాత్రంతా చుక్క చుక్కగా నీరు కారుతుంది. అదే ముఖానికి. కాయలు ముదిరాక పీచు ఒళ్ళు తోముకోవడానికి. మనం పీచు ఉంచుకుని నీళ్ళు వదిలేశాం.

కెషోసుయి కొనాలనుకుంటే ఒక చిన్న కిటుకు. అక్కడ ఒకే లోషన్‌ని రెండు రకాలుగా అమ్ముతారు: "షిత్తోరి" అంటే తడితడిగా, నిండుగా ఉండేది, "సప్పారి" అంటే తేలిగ్గా, జిగట లేనిది. టోక్యో చలికాలం బాగా పొడి, మీద నుంచి గదుల్లో హీటర్లు. షిత్తోరి దానికోసం పుట్టింది. గుంటూరు ఉక్కపోతలో అది రాస్తే చెమటతో కలిసి జిగురవుతుంది తప్ప ఉపయోగం లేదు. సప్పారి రకాల్లో కొన్నింట్లో ఆల్కహాల్ ఉంటుంది, మీ ఇప్పటి మంటకి అది కారం పూసినట్టే. కాబట్టి ఇప్పటికి రెండూ వద్దు. చికాగోలోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మన వాళ్ళు ఇది చదువుతుంటే మాత్రం, జనవరిలో హీటర్ వేసిన గదిలో కూర్చునే మీకు షిత్తోరి, దాని మీద వెంటనే క్రీము నిజంగా పనికొస్తాయి. క్రీము మాత్రం మరవద్దు. పొడి గాలిలో పై మూత లేకుండా ఉత్త హైలురోనిక్ ఆసిడ్ రాసుకుంటే ఆ తడి కాసేపట్లో గాలిలోకే పోతుంది.

లోషన్ తర్వాత పల్చటి పాలలాంటి ఎమల్షన్ రాస్తారు, "న్యూఎకి" అంటారు. మన వాతావరణంలో లోషన్ మానేసి ఇది ఒక్కటి రాసినా సరిపోతుంది. సెరమైడ్ ఉన్నది అయితే మంచిది.

ఎసెన్స్ గురించి పెద్దగా చెప్పను. సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసే ముసలివాళ్ళ చేతులు మెత్తగా ఉన్నాయని చూసి ఈస్ట్ నుంచి ఎసెన్స్ కనిపెట్టామన్నది ఒక కంపెనీ చెప్పుకునే కథ. కథ బాగుంటుంది, ధర ఇంకా బాగుంటుంది. కొల్లాజెన్ పొడులు, డ్రింకులు అంటారా, కడుపులోకి వెళ్ళాక అది కూడా మాంసకృత్తే, పప్పులాగే ముక్కలై జీర్ణమవుతుంది. నేనైతే ఆ డబ్బుతో సన్‌స్క్రీన్ కొంటాను.

సన్‌స్క్రీన్ దగ్గర మాత్రం నేను జపాన్ పక్షం. అకితా అనే ఉత్తరాది జిల్లా ఆడవాళ్ళ చర్మానికి పేరు, "అకితా బిజిన్" అనే మాటే ఉంది. ఆ ఊరి నీళ్ళని, బియ్యమని ఏవేవో కారణాలు చెబుతారు. దేశంలో ఎండ బాగా తక్కువ పడే చోట్లలో అది ఒకటి. నాకు ఆ ఒక్క కారణం చాలనిపిస్తుంది. సన్‌స్క్రీన్ మీద కనిపించే పీఏ ప్లస్‌లు కూడా 1996లో జపాన్ కాస్మెటిక్ పరిశ్రమ సంఘం పెట్టిన గుర్తే. ఎస్పీఎఫ్ ప్రధానంగా చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల లెక్క. పీఏ అన్నది యూవీఏ లెక్క. నల్లబరిచేవి, ముడతలు తెచ్చేవి, అద్దం కిటికీలోంచి కూడా వచ్చేవి అవే. మొదట మూడు ప్లస్‌లే ఉండేవి, 2013లో నాలుగోది చేర్చారు. మనకు ఎస్పీఎఫ్ 50, పీఏలో నాలుగు ప్లస్‌లు. రెండు వేళ్ళ పొడుగునా పిండినంత, ముఖానికీ మెడకీ కలిపి. చాలామంది రాసుకునేది అందులో పావు నుంచి సగం వంతే. ఆ కాస్తతో అట్ట మీద అంకె రాదు. బయట తిరిగితే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ.

జపాన్ ఆడవాళ్ళు వేసవిలో ఎండ గొడుగు, మోచేతుల దాకా తొడుగులు లేకుండా బయటికి రారు. చూసి నవ్వుకోవడానికి మనకేం హక్కుంది, స్కూటీ మీద కళ్ళు తప్ప మొత్తం చున్నీ చుట్టుకుని పోయే అమ్మాయిలున్న ఊళ్ళు మనవి. నిజం చెప్పాలంటే దళసరి చున్నీ చాలా సన్‌స్క్రీన్‌ల కంటే నమ్మకమైనది. చెమటకి కారిపోదు.

ఇప్పుడు బిహాకు. ఆ రెండక్షరాలకి అర్థం "అందం, తెలుపు". చూడగానే తెల్లబడే క్రీము అనిపిస్తుంది. అక్కడి చట్టంలో మందుకీ కాస్మెటిక్‌కీ మధ్య ఒక తరగతి ఉంది, ఇవి దాని కిందికి వస్తాయి. ఆ తరగతిలో కంపెనీ చెప్పుకోగలిగింది ఒక్కటే: చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పుట్టడాన్ని తగ్గించి మచ్చలు రాకుండా చూస్తుంది అని. పుట్టుకతో ఉన్న రంగును తెల్లబరుస్తుందని చెప్పుకోకూడదు. వాళ్ళకీ రంగు పిచ్చి తక్కువేం కాదు, "తెలుపు ఏడు లోపాలను దాస్తుంది" అనే సామెత ఉంది. మన పెళ్ళి చూపుల భాషే. కానీ 2021లో కావో కంపెనీ తన కొత్త సరుకు మీద బిహాకు అనే మాట వాడడం మానేస్తానని ప్రకటించింది.

ఆ మాటకి ఇంకో చేదు చరిత్ర ఉంది, మీరిది తెలుసుకునే నిర్ణయం తీసుకోవాలి. అదే కావో గుంపులోని కనెబో 2008లో రోడోడెనాల్ అనే కొత్త పదార్థానికి ప్రభుత్వ అనుమతి తీసుకుని బిహాకు క్రీములు అమ్మింది. 2013 జూలైలో 54 రకాల సరుకును వెనక్కి పిలిపించింది. కారణం, వాడినవాళ్ళ ముఖాల మీద, మెడ మీద, చేతుల మీద బొల్లిలాంటి తెల్ల మచ్చలు. బాధితులు 19 వేలు దాటారు. మెలనిన్ తయారుచేసే ఎంజైమే ఆ పదార్థాన్ని విషంగా మార్చి, మెలనిన్ కణాలను చంపేసిందని తర్వాత తేలింది. వాడడం ఆపాక చాలామందికి రంగు తిరిగి వచ్చింది, కొందరికి రాలేదు. నేను ఒసాకా వెళ్ళింది ఆ గొడవ తర్వాతే. ల్యాబ్‌లో తెలుపు అనే మాట వినిపిస్తే పెద్దవాళ్ళ గొంతు తగ్గిపోయేది. ప్రభుత్వ అనుమతి, పెద్ద కంపెనీ, జపాన్ నాణ్యత, అన్నీ ఉండి జరిగిందది. ఇంక మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చే, స్టెరాయిడ్ కలిసిన ఫెయిర్‌నెస్ క్రీముల సంగతి నన్ను అడక్కండి. నెల రోజులు ముఖం వెలుగుతుంది, ఆపగానే ఎర్రబడి మండుతుంది, మళ్ళీ రాస్తే గానీ తగ్గదు. మీ ముఖం మీద ఇంతకుముందు అలాంటిదేమైనా రాసి ఉంటే డాక్టర్‌కి ఆ ట్యూబ్ తీసుకెళ్ళి చూపించండి.

అమ్మగారి మంగుకి మాత్రం జపాన్ నుంచి వచ్చిన మంచి వార్తే ఉంది. ట్రానెక్సమిక్ ఆసిడ్. ఉతాకో ఒకమొతో అనే డాక్టరమ్మ, ఆవిడ భర్త కలిసి 1960లలో రక్తస్రావం ఆపడానికి దీన్ని కనిపెట్టారు. కాన్పులో రక్తం ఆగకుండా పోయే తల్లుల ప్రాణాలు నిలబెట్టే మందు ఇది. అదే మందు మంగును పల్చబరుస్తుందని తర్వాత అక్కడే గమనించారు, క్రీముల్లోకి తెచ్చారు. మన దగ్గర కూడా క్రీముగా, మాత్రగా రెండూ ఉన్నాయి. క్రీము సరే. మాత్ర మాత్రం డాక్టర్ చెప్పకుండా వేయొద్దు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నవాళ్ళకి అది చేటు. మంగుకి ఎండే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా కారణమే, ముఖ్యంగా మన రంగు చర్మానికి. అందుకని అమ్మగారికి రంగు కలిసిన, ఐరన్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ కొనండి. తెల్లటి సన్‌స్క్రీన్ ఆ వెలుతురును పెద్దగా ఆపదు.

బియ్యం కడుగు నీళ్ళు: సుమారు వెయ్యేళ్ళ నాటి హెయియన్ కాలపు రాజకుటుంబపు ఆడవాళ్ళు వాటిని జుట్టు దువ్వుకోవడానికి వాడేవాళ్ళు, "యుసురు" అనేవారు. ముఖానికి ఎదో కాలంలో వాడింది తవుడు. చిన్న గుడ్డసంచీలో తవుడు పోసి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, పిండితే వచ్చే తెల్లటి పాలతో ముఖం మీద సంచీని మెల్లగా అద్దేవాళ్ళు. మనం తవుడు గేదెలకు పెడతాం, వాళ్ళ చర్మం నిగనిగలాడుతూనే ఉంటుంది. సరదా పక్కన పెడితే, తవుడులోని నూనె, పిండి చర్మాన్ని ఎండిపోనివ్వకుండా జిడ్డు తీస్తాయి, సబ్బు లేని రోజుల్లో అది తెలివైన పద్ధతి. బియ్యం నీళ్ళు అప్పటికప్పుడు తీసి ముఖం కడుక్కుంటే నష్టం లేదు, అద్భుతమూ లేదు. రెండు రోజులు పులియబెట్టి ఫ్రిజ్‌లో దాచి స్ప్రే చేసుకోవడం మాత్రం వద్దు, పొక్కులున్న ముఖానికి సూక్ష్మజీవులను పిలిచి భోజనం పెట్టినట్టు. సున్నిపిండి వాడే అలవాటుంటే జల్లెడ పట్టి, పల్చగా కలిపి, రాసి, ఎండక ముందే కడిగేయండి. ఎండాక నలిచి రాల్చడం ఒంటికైతే సరే, ముఖానికి కాదు.

మీ దగ్గర మిగిలిన సీసాల్లో ఎసెన్స్ మోచేతులకి, మడమలకి వాడేయండి. సీరమ్‌లలో ఒకటి విటమిన్ సి అన్నారు కదా, అది గోధుమ రంగుకి తిరిగితే పారేయండి. క్లెన్సింగ్ ఆయిల్ ఉంచుకోండి, పెళ్ళిళ్ళ సీజన్‌లో మేకప్ దించడానికి పనికొస్తుంది. బావగారిని క్రీములు తెమ్మనకండి. మీకు నచ్చిన సన్‌స్క్రీన్ ఒకటి, వంద యెన్‌ల షాపులో దొరికే నురగ వలలు రెండు తెమ్మనండి. రెండెందుకంటే, ఒకటి ఎలాగూ ఇంట్లో ఎవరో ఒకరు గిన్నెలు తోమడానికి తీసేస్తారు.